గడ్డకట్టని చెరువుకు వైద్యం

తాడు నా చేతిలోంచి జారలేదు, అయిపోయింది. ప్రమాదం ఉందని నాకు మొదట తెలిసింది ఆ క్షణానే.

అది సద్దుల బతుకమ్మకు ముందురోజు ఉదయం. కోరుట్లకూ మల్లాపూర్‌కూ మధ్య ఉన్న మా అత్తగారి ఊరి చెరువులో, రేవు ఆఖరి మెట్టు మీద మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పళ్లెం కిందికి వదిలాను. పళ్లెం అంటే నలుపు, తెలుపు రంగులు పూసిన ఇనుప బిళ్ల. దాన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దించుతాం. కంటికి కనిపించకుండా పోయిన చోట తాడు ఎంత తడిసిందో కొలుస్తాం. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చెప్పే కొలత అది. ఆ రేవులో నా పళ్లెం ఎన్నడూ అంత దూరం పోలేదు. కొంచెం దిగి బురద మీద కూర్చునేది. ఆ రోజు మెట్టుకు జానెడు అవతల వదిలితే దిగుతూనే పోయింది. చివర వేసిన ముడి వచ్చి నా వేలికి తగిలి ఆగింది. కింద పళ్లేనికి మాత్రం ఏదీ తగల్లేదు.

మరునాడు సాయంత్రం ఊరి ఆడవాళ్లంతా బతుకమ్మలు పట్టుకుని ఆ మెట్టు మీది నుంచే నీళ్లలోకి దిగుతారు. నాయనమ్మ చెయ్యి పట్టుకుని, ఒకటో తరగతి చదివే నా బిడ్డ శ్రావణి కూడా.

ఉద్యోగ అనుభవాలు రాయాలంటే తల నెరవాలి, శాలువా కప్పించుకోవాలి. నాకు రెండూ లేవు. ఆ పండుగ అయ్యాక ఉద్యోగం మానేశాను కాబట్టి నా లెక్కలో నేనూ రిటైరయినదాన్నే. పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. మొన్న మా గల్లీ అమ్మాయి, జగిత్యాల కాలేజీలో డిగ్రీ అయినది, "అక్కా, నీ జాగల నన్ను తీసుకున్నరు" అని మిఠాయి పట్టుకొచ్చింది. మిఠాయి తిన్నాను. నిద్ర మాత్రం పట్టలేదు.

చెల్లీ, ఇది నీకోసమే.

అక్కడైతే

మన ప్రాజెక్టు పని ఒక్క ముక్కలో చెప్తాను. యూరప్‌లో పాడైన సరస్సులను ఎట్లా బాగుచేశారో, అట్లాగే మన చెరువులను బాగుచేయాలి. మన పెద్దసారు ప్రభాకర్ గారు అక్కడికి వెళ్లి శిక్షణ పొంది వచ్చారు. సరస్సు ముందు స్వెటర్ వేసుకుని దిగిన ఫొటో ఆయన టేబుల్ మీద ఉంటుంది, నువ్వూ చూస్తావు. ఆయన ప్రతి మాటా "అక్కడైతే" అని మొదలవుతుంది. అందుకే ఆఫీసులో ఆయన పేరు అక్కడ సారు. ఆ పేరు ఎదురుగా అనకు.

సారు తెచ్చిన పుస్తకం నేను మొత్తం చదివాను. మంచి పుస్తకం. అక్కడి సరస్సులు తాటిచెట్టు నిలువునా మునిగిపోయేంత లోతు. ఎండాకాలంలో పైన వెచ్చటి నీళ్లు, కింద చల్లటి నీళ్లు రెండు పొరలుగా ఉంటాయి. చలికాలం పైన మంచు గడ్డకడుతుంది. ఆ రెంటి మధ్యా నీళ్లు కిందివి పైకి, పైవి కిందికి తిరగబడి, అడుగున బతికే జీవాలకు గాలి అందుతుంది. పొలాల ఎరువు, ఊళ్ల మురికి చేరి నీళ్లు పచ్చబడితే, ఎన్నో ఏళ్లు ఓపికపట్టి మళ్లీ తేటగా చేశారు. చదువుతుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. తప్పు ఆ పుస్తకానిది కాదు. అది తన సరస్సుల గురించి నిజమే చెప్పింది. మా చెరువు గురించి దాన్ని ఎవరూ అడగలేదు.

మా చెరువు వానాకాలం నిండుతుంది, యాసంగి పంటకు తూము తీస్తారు, ఎండలు ముదిరేసరికి అందులో పిల్లలు క్రికెట్ ఆడతారు. ఎండిన చెరువు మన దగ్గర రోగం కాదు, రివాజు. అడుగు మట్టి పొలాలకు పోతుంది, మళ్లీ వాన వస్తుంది. ఇది ప్రాజెక్టు ఫారంలో ఎక్కడా పట్టదు. ఫారంలో ఒక ప్రశ్న ఉంది: ఈ సంవత్సరం సరస్సు ఎన్ని రోజులు గడ్డకట్టింది?

నేను గీత గీసి వదిలేశాను. సారు పిలిచారు.

"ఇది ఖాళీ పెట్టినవేంది?"

"మన చెరువు గడ్డకట్టదు సార్."

"గది నాకు తెల్వదా? సున్నా అని రాయి. ఖాళీ ఉంటే నువ్వు పోయి చూడలేదు అనుకుంటరు. సున్నా ఉంటే పోయి చూసినవు అని అర్థం."

అప్పటి నుంచీ ప్రతి నెలా, మే నెలలో కూడా, నేను పోయి చూశాను. మా చెరువు గడ్డకట్టలేదు.

జమ్ము, కొర్రమీను, పటిక

అక్కడ సరస్సు ఒడ్డున రెల్లులాంటి గడ్డి పెంచితే అది మురికిని పీల్చుకుంటుంది, పక్షులు గూళ్లు పెడతాయి. మన దగ్గర ఆ పని జమ్ము చేస్తుందని సారు తేల్చారు. కూలీలను పెట్టి ఒడ్డంతా జమ్ము నాటించాం. తూముకు అడ్డం పడుతుందని, పాములు చేరతాయని ఆ ఊరి రైతులు తాతల నుంచీ జమ్మును పీకుతూనే ఉన్నారు. మా కూలీలు పొద్దున నాటేవారు. సాయంత్రం వాళ్లే, రైతులుగా, పీకేవారు. అంత క్రమంగా జరిగిన పని ప్రాజెక్టులో ఇంకొకటి లేదు.

తర్వాత చేపలు. అక్కడ చిన్న చేపలు పెరిగిపోతే నీళ్లు పచ్చబడతాయట. అందుకని వాటిని తినే పెద్ద చేపను వదులుతారు. మన దగ్గర వేటాడే చేప కొర్రమీను. కొర్రమీను పిల్లలు తెచ్చి, ఫొటోలు దిగి వదిలాం. అవి పెరిగాయి కూడా. కానీ కొర్రమీనును వేటాడే జీవి ఒకటి ఒడ్డు మీద ఉంటుందని పుస్తకంలో లేదు. ఆ బతుకమ్మకు ముందటేడు దసరాకు ఊళ్లో కొర్రమీను పులుసు వండని ఇల్లు లేదు. మా అత్తమ్మ నాకు గిన్నెలో పెట్టి పంపింది. "మీ ఆఫీసు చేపలే బిడ్డా, మస్తు రుచున్నయి. మీ సారుకు గూడ ఇయ్యి" అంది. ఇచ్చాను. సారు తిని, "ఎక్కడివి?" అన్నారు. చెప్పలేదు.

పటిక సంగతి నీకు ఎవరో ఒకరు చెప్తారు, కాబట్టి క్లుప్తంగా రాస్తాను. నీళ్లలో కలిపితే మురికిని కిందికి దింపుతుందని పటిక బస్తాలు తెప్పించారు. రాత్రి కట్ట మీద పెట్టారు. తెల్లారేసరికి బస్తాలు సగానికి వచ్చాయి. ఆ రోజు ఊళ్లోకి పోయి చూస్తే ప్రతి గుమ్మానికీ, ప్రతి కిరాణా కొట్టుకూ, చివరికి మన ప్రాజెక్టు జీపు ముందు కూడా నల్లగుడ్డలో కట్టిన పటిక వేలాడుతోంది. చెరువు తేటపడలేదు గానీ ఆ ఊరికి ఆ ఏడాది దిష్టి తగల్లేదు.

నవ్వుకో. నేనూ నవ్వాను. జీతం వస్తోంది, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. ఈ వృత్తిలో అన్నిటికంటే మోసం చేసే మాట ఆ "ఎవరికీ నష్టం లేదు" అన్నదే.

సిరిసిల్లలో రంగు

నాది సిరిసిల్ల. మా నాన్న మరమగ్గాల మీద బతికినవాడు. రంగుల అద్దకం జరిగే గల్లీల పక్క కాలువ ఏ రోజు ఏ రంగులో పారితే ఆ రోజు ఆ రంగు నూలుకు గిరాకీ ఉందని మాకు చిన్నప్పుడే తెలుసు. అక్కడి నీళ్లు కూడా చూసి రమ్మని సారు పంపారు. పళ్లెం దించి తీశాను. దాని తెలుపు భాగం గులాబీ అయ్యింది. అట్లాగే రాసి ఇచ్చాను.

సారు తలుపు దగ్గరగా వేశారు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు, గోడకు చెవులుండే కాలం.

"గులాబీ అంటవేందమ్మా? నడుస్తున్న కాలం ఎట్లున్నది? రాజకీయం అంటరు. ఎరుపు అని రాయి."

"ఎరుపంటే జగిత్యాల దిక్కు ఇంకో రాజకీయం సార్."

ఆయన చాలాసేపు ఆలోచించారు. "లేత రంగు అని రాయి" అన్నారు.

నీళ్లు ఏ రంగులో ఉన్నాయో రాయడానికి భయపడే ఆఫీసు, నీళ్లు ఎంత లోతున్నాయో మాత్రం నిజం చెప్తుందని నేను ఎట్లా నమ్మానో నాకే తెలియదు.

లోతు జోన్

మళ్లీ రేవు దగ్గరికి వస్తాను. చేతిలో ముడి పట్టుకుని అక్కడి నుంచే సారుకు ఫోన్ చేశాను. అప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. ఆఫీసులకు తాళాలు, రోడ్ల మీద బస్సుల్లేవు. బస్సు కండక్టర్ అయిన మా ఆయన ఇంట్లో చిన్నోడు బబ్లును ఆడిస్తున్నాడు. మన ప్రాజెక్టుకు సమ్మె లేదు, ఎందుకంటే సారు మాటల్లో మనం "అంతర్జాతీయం".

"సార్, రేవు కాడ తాడు అందుతలేదు. ఎండాకాలం లోతు జోన్ ఎక్కడ తవ్విన్రు?"

లోతు జోన్ అంటే, చెరువులో కొంత భాగమైనా అక్కడి సరస్సులంత లోతు ఉంటే నీళ్లు పొరలు కడతాయని సారు వేయించిన గుంత. అది తవ్వినప్పుడు నేను లేను. బబ్లుకు అమ్మవారు పోస్తే పిల్లలను తీసుకుని సిరిసిల్లలో మా అమ్మ దగ్గర ఉన్నాను. తిరిగి వచ్చేసరికి చెరువు నిండింది, ఆ తర్వాత నెలనెలా కట్ట మీది నుంచే చూసి సున్నా రాశాను.

"ప్లాన్‌ల చెరువు నడుమ ఉన్నది కదా" అన్నారు.

"ప్లాన్‌ల కాదు సార్, చెరువుల ఎక్కడున్నది?"

"నడుమలకు లారీ ఎట్ల పోతదమ్మా? దిగబడతది. కాంట్రాక్టరు రోడ్డు పక్కకు తవ్విండు. మట్టి లారీలు పోయేందుకు తోవ గూడ మంచిగున్నది."

రోడ్డు పక్కన అంటే రేవు. జేసీబీ మెట్ల అంచు దాకా నిట్టనిలువుగా తోడేసింది. వాన పడింది, చెరువు నిండింది, పైన నీళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

"రేపు సద్దుల బతుకమ్మ సార్. పిల్లలు దిగుతరు."

ఆయన గొంతులో ఒక్కసారిగా ఉత్సాహం. "బోర్డు పెడదాం! అక్కడైతే ప్రతి సరస్సు కాడ బోర్డు ఉంటది."

బోర్డు

ఊళ్లోకి పోయి మా అత్తమ్మకు చెప్పాను. ఆమె గునుగు పూలకు రంగు అద్దుతోంది. తల కూడా ఎత్తలేదు.

"మా అత్త దిగిన రేవు, నేను దిగిన రేవు. నిన్నగాక మొన్న వచ్చి నువ్వు లోతు చెప్తవా సుజాతా?"

"ఎండాకాలం తవ్విన్రు అత్తమ్మా. నిలువెత్తు కంటె లోతున్నది."

"మీ ఆఫీసోళ్లు నాటిన జమ్ము లేదు, ఇడిసిన చేప లేదు. గుంత ఒక్కటి ఉన్నదంటె నమ్మాల్నా?"

ఇంతకాలం మేం చేసిన పనికి ఆమె ఇచ్చిన మార్కులు అవి.

మరునాడు పొద్దున జీపులో బోర్డు వచ్చింది. పెద్ద ఇనుప రేకు, దానికి మనిషిని మించిన ఎత్తున ఇనుప కాళ్లు. దాని మీద రాసింది రెండుసార్లు చదివాను. అది ఎప్పుడో రాయించి పెట్టిన బోర్డు: "సరస్సు పరిరక్షణ ప్రాంతం. ఇందులో పూలు, ఆకులు, ఇతర వ్యర్థాలు వేయరాదు." లోతు మాట లేదు. కొత్తది రాయిద్దామంటే కోరుట్లలో పెయింటర్లంతా జై తెలంగాణ బ్యానర్లలో మునిగి ఉన్నారట. కింద సుద్దముక్కతో "ఇక్కడ లోతు ఎక్కువ" అని రాసి పంపారు. జీపు కుదుపులకు అది "ఇక్కడ" వరకే మిగిలింది.

డ్రైవర్ దాన్ని రేవులో మెట్ల పక్కన పాతేసి వెళ్లిపోయాడు. నేను వద్దంటూనే ఉన్నాను. ఆయనకు సారు మాటే మాట.

ఒక్కసారి ఆలోచించు చెల్లీ. ఉద్యమం నడుస్తున్న ఊరు. కట్ట కింద రోడ్డు మీద దీక్షా శిబిరం. ఆ రోజు సద్దుల బతుకమ్మ. ఆ రేవులో, పూలను వ్యర్థాలంటూ, వేయరాదంటూ బోర్డు. ఇంత చక్కగా గొడవ పెట్టాలంటే శత్రువుకు కూడా ఏడాది పట్టేది.

మధ్యాహ్నానికి శిబిరం మొత్తం రేవులో ఉంది. ముందు రాజన్న మామ. కల్లు గీసేందుకు తాళ్లెక్కే మనిషి. నడుముకు మోకుతాడు, నెత్తికి తువ్వాల, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. ఆయన వెనక ఆడవాళ్లు, వాళ్ల ముందు మా అత్తమ్మ.

"ఎవడు పెట్టిండు గీ బోర్డు?"

"మా కోడలి ఆఫీసు" అంది అత్తమ్మ. ఇంటి గుట్టు అంత సులువుగా బయటపడుతుందని నేను అనుకోలేదు.

"మామా, బోర్డు తప్పే. తీసెయ్యుండ్రి. కానీ రేవుల గుంత ఉన్నది, ఎవ్వరూ దిగద్దు" అన్నాను.

"సూడుండ్రి! బోర్డు తప్పట, దిగుడు గూడ తప్పట" అని ఎవరో అన్నారు. "నిన్ను ఎవడు పంపిండే? పైసలిచ్చి బతుకమ్మను బందువెట్టిస్తున్నరా?"

"నా బిడ్డ గూడ దిగుతదే!" అని అరిచాను. ఎవరికీ వినపడలేదు. అప్పటికే నలుగురు యువకులు బోర్డును పెకిలించారు. జేజేలు కొడుతూ మెట్లు దిగి, ఆఖరి మెట్టు అవతల నీళ్లలోకి దాన్ని నిలువుగా దించారు. బురదలో పాతి, రేకు మీద బతుకమ్మ పెట్టాలని వాళ్ల ఆలోచన. దాన్ని పట్టుకున్న వాళ్ల చేతులు నీళ్లు తాకాయి. వదిలారు.

బోర్డు నిలబడలేదు. వంగనూ లేదు. మెట్లు దిగుతున్నట్టు నింపాదిగా దిగిపోయింది. ముందు సుద్దతో రాసిన "ఇక్కడ" మునిగింది, తర్వాత "సరస్సు పరిరక్షణ", ఆఖరికి పై అంచు. నాలుగు బుడగలు వచ్చాయి. అందరూ రేకు మళ్లీ ఎక్కడో తేలుతుందన్నట్టు చూస్తున్నారు. అది రాలేదు.

జేజేలు ఆగిపోయాయి. రాజన్న మామ నడుముకున్న మోకు విప్పి, రాయి కట్టి అక్కడే వదిలాడు. చాలాసేపు వదులుతూనే ఉన్నాడు. పైకి లాగుకుని, తడిసిన భాగాన్ని చూసి, నెత్తిమీది తువ్వాల తీశాడు.

"తాటిచెట్టుల సగముంటది" అన్నాడు మెల్లగా.

బోర్డు చదివినవాళ్లెవరూ దాన్ని నమ్మలేదు. మునిగిన బోర్డును అందరూ నమ్మారు.

రేవు బంద్

బతుకమ్మను ఇంకో దిక్కున వేద్దామంటే ముసలివాళ్లు ఒప్పుకోలేదు. నీళ్లు పొర్లే మత్తడి దగ్గర ముళ్లు, తూము దగ్గర బురద. పైగా తాతల నాటి రేవును వదలడం ఓడిపోయినట్టు ఉంటుందని శిబిరం వాళ్ల బాధ. ఫోన్ చేస్తే సారుది స్విచాఫ్. పోలీసులంతా రాస్తారోకోల దగ్గర ఉన్నారు.

ఆఖరికి రాజన్న మామే అన్నాడు. "రోడ్డు ఆపినం. బస్సులు ఆపినం. గీ నాలుగు మెట్లు ఆపలేమా?"

అవును, ఆ ఊరికి బాగా వచ్చిన పని ఆపడమే. గంటలో తాళ్లెక్కేవాళ్లంతా మోకులు తెచ్చారు. ఆఖరి మెట్టుకు ఇవతల గుంజలు పాతి మోకులు బిగించారు. శిబిరం తోరణాలు తెచ్చి వాటికి కట్టారు. ఆ తోరణాలు కనిపించాక ఎవరికీ అనుమానం రాలేదు. మన వాళ్లు కట్టింది, దాటకూడదు, అంతే. తాడు వెంట మగవాళ్లు చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. అవతల నీళ్ల మీద చేపలు పట్టేవాళ్లు తెప్పలు వేసుకున్నారు. ఆడవాళ్లు తాడు మీది నుంచి బతుకమ్మలు అందిస్తే వాళ్లు నీళ్లలో వదలాలి.

"మొగోళ్ల చేతికి ఇచ్చుడేంది?" అని కొందరు సణిగారు. "ఇయ్యాల్టికి వాళ్లు గూడ అత్తలే అనుకోండ్రి" అంది మా అత్తమ్మ. తెప్పల మీది మీసాలవాళ్లు సిగ్గుపడ్డారు.

పొద్దుగూకే వేళకు కట్టంతా తంగేడు, బంతి. పాటలు అయిపోయాయి, జనం రేవుకు కదిలారు. నేను తాడు పక్కనే నిలబడి ప్రతి చిన్న తలనూ చూస్తున్నాను. శ్రావణి కనిపించలేదు. అత్తమ్మ కనిపించింది, ఆమె చేతిలో పెద్ద బతుకమ్మ ఉంది. పక్కన పిల్ల లేదు.

అప్పుడు చూశాను. అది తన అరచేతంత బతుకమ్మను పట్టుకుని, మగవాళ్ల కాళ్ల సందులోంచి, తాడు కింద నుంచి వంగి దూరుతోంది. తాడు పెద్దవాళ్ల నడుము ఎత్తున కట్టారు. పిల్లల ఎత్తు ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. దాని ఒక కాలు ఆఖరి మెట్టు మీద ఉంది. నేను అటు ఉరికాను.

అత్తమ్మ చేతిలోని బతుకమ్మను ఎవరి మీదికో తోసేసి, ముందుకు వంగి, దాని జడ పట్టి వెనక్కి గుంజింది.

"ఏడికే? రేవు బందు!"

శ్రావణి లబోదిబోమని ఏడ్చింది. చిన్న బతుకమ్మ మెట్టు మీద పడి, నీళ్లలోకి దొర్లి, తేలుతూ గుంత మీదికి పోయింది. అత్తమ్మ మనవరాలి జడ వదల్లేదు. పండుగ అయ్యేదాకా, ఇంటికి పోయేదాకా కూడా వదల్లేదు. అక్కడే నిలబడి, వచ్చిన ప్రతి పిల్లనూ తాడు కింద కాలు అడ్డం పెట్టి ఆపింది. ఆ రాత్రి రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద నా చేతిలో పెడుతూ, "గుంత ఉన్నది" అంది. ఆమె ఇచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే. నేను దాచుకున్నది కూడా అదొక్కటే.

తెల్లారి

పొద్దున్నే సారు ఫోన్. "బోర్డు ఉన్నదా అమ్మా? ఫొటో పంపాలె."

"ఉన్నది సార్. లోతు జోన్‌ల ఉన్నది."

"మంచిగైంది" అన్నారు. జనం తాడు కట్టిన సంగతి ఎవరి ద్వారానో అప్పటికే విన్నారు. "సరస్సు కాపాడుకునేందుకు ప్రజలే మానవహారం కట్టిండ్రు కదా, అది రిపోర్టుల రాయి. అక్కడైతే గిట్లాంటివి మస్తు ఇష్టపడతరు."

గుంత పూడ్చమన్నాను. వచ్చే ఎండాకాలం చూద్దామన్నారు. ఉద్యోగం మానేస్తున్నానని ఆ ఫోన్‌లోనే చెప్పాను. పూడ్చేదాకా ఆ మోకులు విప్పనని రాజన్న మామ చెప్పాడు. ఇది రాసే రోజుకు అవి అక్కడే ఉన్నాయి. చెల్లీ, నువ్వు చేరగానే చేయాల్సిన మొదటి పని ఆ గుంత. జమ్ము, పటిక తర్వాత చూసుకోవచ్చు. ప్లాన్ చూసి సంతకం పెట్టకు, చెరువు చూసి పెట్టు. గడ్డకట్టిందా లేదా అని చూసేందుకు పోయినప్పుడైనా సరే, రేవులో తాడు దించి రా.

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి పిల్లలిద్దరూ చాయలో రొట్టె ముంచుకుని తింటున్నారు. శ్రావణికి ఇంకా కోపం తగ్గలేదు. "నా బతుకమ్మ పోయింది. నీళ్లు మోకాళ్ల మందమే ఉంటయని నువ్వే చెప్పినవు గదా, అప్పుడు" అంది. నిజమే, చెప్పాను. పోయిన ఏడాది ఆ రేవులో దాన్ని దించింది నేనే.

ఇద్దరినీ దగ్గరికి తీసుకుని చెప్పాను:

"నీళ్లు ఎట్లున్నా సరే, దిగే ముందుగాల కట్టె దించి చూడుండ్రి. కట్టె మునిగితే ఇంటికి రాండ్రి. లోతు లేదని సారు చెప్పినా, నాయనమ్మ చెప్పినా, నేను చెప్పినా గంతే."

బబ్లు అప్పుడే రొట్టెముక్కను చాయ గ్లాసులో నిలువుగా దించి, అడుగు తగిలిందో లేదో చూస్తున్నాడు.